గాలి పట్టు సడలకుండా...

మీ వంటింట్లో కుక్కర్ గాస్కెట్ ఒకటి అదనంగా ఉందా? స్టవ్ లైటరు? మిక్సీ జారు కింద తిరిగే బుష్షు?

మా షెడ్డు చూడటానికి వచ్చే డ్వాక్రా సంఘాల ఆడవాళ్ళని నేను ముందు అడిగే ప్రశ్న ఇదే. చాలామంది నవ్వుతూ చేతులెత్తుతారు. పండగపూట గాస్కెట్ తెగితే పప్పు ఉడకదని మనకి తెలుసు. అందుకే పాతది వదులవుతున్నప్పుడే కొత్తది తెచ్చి అలమరలో పడేస్తాం. వెంటనే రెండో ప్రశ్న వేస్తాను. "మీ కుట్టు మిషనుకి బాబిన్ కేసు ఇంకోటి ఉందా? బెల్టు ఉందా?" అక్కడ చేతులు దిగిపోతాయి!

అన్నం వండే గిన్నె మీద ఉన్న శ్రద్ధ, అన్నం పెట్టే మిషను మీద ఎందుకు ఉండదో ఆలోచించారా? నేను బాగా ఆలోచించవలసి వచ్చింది. మా నలుగురి కూలి ఒక పంపు మీద ఆధారపడి ఉంది కనక!

అనకాపల్లి దగ్గర మాది చిన్న షెడ్డు. రెండు లేతు మిషన్లు, నేను, నాతో నలుగురు ఆడవాళ్ళు. మామిడి, వేప, తుమ్మ కర్రతో గిన్నెలు, పళ్ళాలు, కుంకుమ భరిణెలు చేస్తాం. పెళ్ళిళ్ళకి, గృహప్రవేశాలకి వచ్చినవాళ్ళ చేతిలో పెట్టడానికి వీటిని కొంటున్నారు. కర్రని లేతు మీద తిప్పే పని మా ప్రాంతానికి కొత్తేమీ కాదు. వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాక మా జిల్లాలోదే. అక్కడ అంకుడు కర్రని తిప్పుతూ లక్కరంగు అద్ది చేసే బొమ్మలకి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. బొమ్మ పనిలో కర్రని ఒక కొసన బిగించి, పని పూర్తయ్యాక ఆ కొస దగ్గర కోసేస్తే సరిపోతుంది. గిన్నె సంగతి వేరు. లోపలి భాగం తొలిచేటప్పుడు మిషను దవడలు అడుగుభాగాన్ని పట్టుకుంటాయి. లోపల నునుపు చేశాక, అడుగున దవడలు పట్టిన గుర్తులు తీసెయ్యాలి కదా! అప్పుడు గిన్నెని బోర్లించి దేంతో పట్టుకోవాలి? మేకు కొట్టలేం, జిగురు పెడితే మచ్చ పడుతుంది. దానికే ఈ గాలి పట్టు. దాన్నే వాక్యూమ్ చక్కు అంటారు.

గాలికి అంత బలమా!

లేతు స్పిండిలు మధ్యలో ఈ కొస నుంచి ఆ కొసకి రంధ్రం ఉంటుంది. ముందు కొసకి డబ్బా మూతలాంటి చక్కు, దాని అంచుకి మెత్తటి రబ్బరు స్పాంజి. వెనక కొసకి పంపు నుంచి వచ్చే పైపు. గిన్నెని చక్కు మీద బోర్లించి పంపు వేస్తే లోపలి గాలిని పంపు లాగేస్తుంది. బయటి గాలి గిన్నెని చక్కుకి అదిమి పట్టేస్తుంది. పంపు పట్టుకుంటోందని అనుకుంటాం గానీ, నిజానికి పట్టుకునేది మన చుట్టూ ఉన్న గాలే.

సముద్ర మట్టం దగ్గర ప్రతి చదరపు సెంటీమీటరు మీదా గాలి వేసే ఒత్తిడి ఒక కిలోకి కాస్త పైన. గేజి మీద 500 మిల్లీమీటర్లు చూపిస్తే, అందులో మూడింట రెండొంతుల బలం మనకి దక్కినట్టు. 10 సెంటీమీటర్ల చక్కు మీద అది 53 కిలోలు, అంటే ఒక బియ్యం బస్తా. చక్కు వెడల్పు 20 సెంటీమీటర్లయితే 213 కిలోలు, నాలుగు బస్తాల పైమాట! వెడల్పు రెట్టింపయితే బలం నాలుగు రెట్లవుతుంది.

ఈ బలాన్ని లోకానికి మొదట చూపించినవాడు జర్మనీలోని మాగ్డెబర్గ్ నగరానికి మేయరుగా చేసిన ఆటో ఫాన్ గెరికే. 1650ల్లో రెండు రాగి అర్ధగోళాలని, అంటే రెండు గిన్నెలనే అనుకోండి, మూతికి మూతి చేర్చి లోపలి గాలి తోడేశాడు. రెండు వైపులా గుర్రాలు కట్టి లాగించినా అవి విడిపోలేదు. గాలి లోపలికి వదలగానే వాటంతట అవే ఊడిపోయాయి. ఈ కథ మా షెడ్డులో కొత్తగా చేరినవాళ్ళకి తప్పకుండా చెబుతాను. ఎందుకంటే అందులో రెండో సగమే మాకు ముఖ్యం. గాలి లోపలికి చేరితే పట్టు ఉండదు. నిమిషానికి వందల చుట్లు తిరుగుతున్న గిన్నె ఊడితే ఎటు పోతుందో, ఎవరికి తగులుతుందో చెప్పలేం.

ఐదు వారాలు

మా పంపు కొన్నప్పుడు నేను అడిగిన మొదటి మాట "స్పేర్లు దొరుకుతాయా అండీ?" అని. "అన్నీ మా దగ్గర ఉంటాయమ్మా, ఫోన్ చేస్తే మర్నాడే పంపిస్తాం" అన్నారు అమ్మినాయన. బిల్లు వెనక రాసి కూడా ఇచ్చారు. రెండేళ్ళు బాగానే నడిచింది. ఒక మాఘమాసంలో, పెళ్ళిళ్ళ జోరులో, పంపు లోపలి కార్బన్ రెక్కల్లో ఒకటి విరిగింది. ఫోన్ చేస్తే "ఆ మోడలు ఇప్పుడు రావడం లేదు, వేరే దేశం నుంచి తెప్పించాలి" అన్నారు. వారం అన్నది రెండయింది. రెండు ఐదయ్యాయి.

అప్పటికి మూడు వందల గిన్నెల ఆర్డరు చేతిలో ఉంది. అన్నీ తొలిచి, నునుపు చేసి, అడుగు పని ఒక్కటీ మిగిలి బారులు తీరి ఉన్నాయి. పాత పద్ధతిలో, అంటే చెక్కలో గాడి తొలిచి గిన్నె మూతిని అందులో బిగించి వెనక నుంచి పొడిచిపెట్టి చేద్దామని మొదలుపెట్టాం. ప్రతి గిన్నెకీ గాడి సరిచెయ్యాలి. పంపుతో రోజుకి ఇరవై ఐదు చేసేవాళ్ళం, ఇలా ఆరు కూడా కాలేదు. ముహూర్తం మనకోసం ఆగదు కదా! పెళ్ళివారు నూట అరవై తీసుకుని మిగతావి వద్దన్నారు.

మా దగ్గర ముక్కలెక్కన కూలి. గిన్నె పూర్తయితేనే డబ్బులు. మూడో వారం శనివారం, మా నలుగురిలో చిన్నది, "అక్కా, నేను రేపట్నుంచి బెల్లం వంటకి పోతాను. పిల్లకి ఇంటరు ఫీజు కట్టాలి" అంది. ఉండమని ఏ మొహం పెట్టుకుని అంటాను? సంఘం నుంచి అప్పు తీసి ముగ్గురికి సగం కూలి ఇచ్చాను. వెళ్ళినావిడ రెండు నెలలకి గానీ తిరిగి రాలేదు. చేతి మీద బెల్లపు పాకం చిట్లి కాలిన మచ్చతో వచ్చింది.

విరిగిన రెక్క ఎంతుంటుందో తెలుసా? బొటనవేలంత వెడల్పు, అరచేతంత పొడవు. ఇంత నల్ల ముక్క!

పంపు నడవటం మొదలైన రోజునే నలుగురం కూర్చున్నాం. ఇక మీదట అమ్మినవాళ్ళ మాట మీద కాక మన అలమర మీద ఆధారపడదామని తీర్మానించుకున్నాం. ఇల్లు తగలబడుతుంటే బావి తవ్వే పని ఇంకోసారి పెట్టుకోకూడదు కదా. ఆనాటి నుంచి నేర్చుకున్నదే ఈ కింద చెబుతున్నాను.

మీ పంపు ఏ జాతిది?

చెక్కపని షెడ్లలో ఎక్కువగా కనిపించేవి రెండు రకాలు. మొదటిది నూనె లేని కార్బన్ రెక్కల పంపు. గుండ్రటి గదిలో ఒక రోటరు తిరుగుతూ ఉంటుంది. దాని గాడుల్లో సాధారణంగా నాలుగు కార్బన్ రెక్కలు జారుతూ ఉంటాయి. తిరిగే వేగానికి అవి బయటికి జరిగి గోడని ఆనుకుంటాయి, గాలిని ఒకవైపు నుంచి లాగి మరోవైపుకి తోస్తాయి. కార్బన్ తనంతట తాను కొద్దికొద్దిగా అరుగుతూ నునుపు ఇచ్చుకుంటుంది. అందుకని దీనికి నూనె వెయ్యకూడదు. వేస్తే కార్బన్ పొడి, చెక్క పొడి కలిసి జిడ్డు ముద్దయి రెక్కలు గాడుల్లో ఇరుక్కుంటాయి. "మిషను అరుస్తోంది, రెండు చుక్కలు నూనె వేస్తే పోతుంది" అనే మామయ్యలు, మరుదులు ప్రతి ఇంట్లోనూ ఉంటారు. పంపు దగ్గరికి వాళ్ళని రానివ్వకండి!

రెండోది నూనెతో నడిచే పంపు. ఏసీ, ఫ్రిజ్ మెకానిక్కులు వాడేది ఇదే. ధర తక్కువ, ఏ ఊళ్ళో అయినా దొరుకుతుంది. అయితే ఇది పూర్తిగా మూసిన గొట్టాల్లోంచి చివరి గాలి కూడా తోడటానికి చేసినది. చెక్కలో సన్నటి రంధ్రాలుంటాయి, అందులోంచి గాలి ఎప్పుడూ కొంత వస్తూనే ఉంటుంది. గంటల తరబడి అలా గాలి లాగితే ఈ పంపు వేడెక్కి, నూనెని పొగలా బయటికి చిమ్ముతుంది. ఆ నూనె తుంపర గిన్నె మీద పడితే పాలిష్ పట్టదు, మనం పీల్చటమూ మంచిది కాదు. రోజుకి పదీ పదిహేను గిన్నెలు చేసుకునేవాళ్ళు, మధ్యమధ్య ఆపుతూ, పంపుని షెడ్డు బయట పెట్టి వాడుకోవచ్చు. రోజంతా పనైతే మొదటి రకమే మేలు.

రోజూ చూసేది, వారానికి చూసేది

చెక్క పొడి ఈ పంపుకి మొదటి శత్రువు. పైపుకి, పంపుకి మధ్య ఫిల్టరు ఉంటుంది. రోజూ సాయంత్రం ఆ గిన్నె విప్పి పొడి బయట పారబోయాలి. షెడ్డులోపల దులపకండి, ముక్కుకి మాస్కు లేకుండా అసలు దులపకండి. చెక్క పొడిని క్యాన్సరు కారకాల జాబితాలో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే చేర్చింది. చీర కొంగు అడ్డం పెట్టుకుంటే సరిపోతుందనుకోవద్దు.

ప్రతి ఉదయం పని మొదలుపెట్టే ముందు ఒక పరీక్ష ఉంది. చక్కు మీద దళసరి గాజు పలక ఆనించి పంపు వేసి గేజి చూడండి. ఆ అంకెని తేదీతో సహా నోటుపుస్తకంలో రాయండి. పాలవాడి లెక్కలా రోజుకో అంకె, అంతే. మా పంపు కొత్త రెక్కలతో 640 చూపిస్తుంది. 640, 640, 635, 630... ఇలా మెల్లగా దిగుతోందంటే ఏదో అరుగుతోంది. ఒక్కసారిగా 640 నుంచి 500కి పడిపోతే ఎక్కడో చిల్లు పడింది. ఈ రెండిటికీ తేడా తెలియటానికే పుస్తకం. మరో సంగతి. ఈ అంకె ఊరిని బట్టి కూడా మారుతుంది. మా వైపు గాలి పీడనం 760 మిల్లీమీటర్ల దగ్గర ఉంటే, సముద్ర మట్టానికి 500 మీటర్ల పైన ఉన్న హైదరాబాదులో 710కి దగ్గరగా ఉంటుంది. అదే పంపు అక్కడ 40, 50 తక్కువ చూపిస్తే కంగారు పడకండి. మీ అంకెని మీ పాత అంకెతోనే పోల్చుకోండి.

పని అయ్యాక పైపు తీసేసి పంపుని ఐదు నిమిషాలు ఊరికే తిరగనిస్తాం. వానాకాలంలో ఇది మరీ అవసరం. లోపల చేరిన చెమ్మ బయటికి పోతుంది. నూనె పంపు వాడేవాళ్ళు అద్దంలోంచి నూనె మట్టం రోజూ చూడాలి. నూనె మజ్జిగలా తెల్లబడితే నీళ్ళు కలిశాయని అర్థం. నల్లబడితే మురికి పట్టిందని. రెండింటికీ మందు ఒకటే, మార్చెయ్యటం. పంపు వెచ్చగా ఉన్నప్పుడు వంపితే మురికంతా దిగుతుంది. వాక్యూమ్ పంపు నూనె తప్ప బండి ఇంజను నూనె, కుట్టు మిషను నూనె పొయ్యకండి.

కార్బన్ రెక్కల పంపుకి ఆరు నెలలకోసారి పక్క మూత విప్పుతాం. ముందు ప్లగ్గు పీకాలి. స్విచ్చి ఆపితే చాలదు. రెక్కలు వేలితో కదిపితే గాడిలో సులువుగా జారాలి. ఒక్కొక్కటి తీసి కొత్త రెక్క పక్కన పెట్టి అరుగుదల చూడాలి. ఎంత అరిగితే మార్చాలో పంపుతో వచ్చే పుస్తకంలో ఉంటుంది. మార్చేటప్పుడు నాలుగూ ఒకేసారి మార్చాలి. ఏటవాలు అంచు ఎటు ఉండాలో పాతవి తీసేటప్పుడే ఫోన్‌తో ఫోటో తీసి పెట్టుకోండి. రోటరుని మాత్రం కదపకండి. దానికీ గోడకీ మధ్య పైభాగంలో వెంట్రుకవాసి సందు ఉంటుంది. అది కంపెనీలో సరిచేసి పంపినది, కదిపితే మనవల్ల కాదు. కిరసనాయిలుతో కడగటం మరీ ప్రమాదం. వేడెక్కిన పంపులో అది భగ్గుమనవచ్చు. పొడి బట్టతో తుడిస్తే చాలు.

చిల్లు ఎక్కడ?

గేజి పడిపోయిందని పంపు విప్పెయ్యకండి. పంపు దగ్గర మొదలుపెట్టి చక్కు దాకా ఒక్కో మజిలీ చూసుకుంటూ రండి. ముందు ఫిల్టరు ముందరి పైపు పీకి ఆ మూతిని రబ్బరు బిళ్ళతో మూయండి. గేజి మామూలు అంకెకి వచ్చిందా? పంపు, ఫిల్టరు బాగున్నట్టే. రాలేదా? ఫిల్టరు పూడిందేమో, దాని మూత రబ్బరు పగిలిందేమో చూసి, ఆ తరవాతే రెక్కల జోలికి వెళ్ళండి.

పంపు బాగుంటే పైపు తగిలించి, లేతు వెనకవైపు కొసని మూసి చూడండి. ఇక్కడ తగ్గితే పైపు పగిలింది, లేదా క్లిప్పు వదులైంది. ఆ తరవాత వెనక జాయింటు. స్పిండిలు తిరుగుతుంది, పైపు తిరగకూడదు. అందుకని రెండిటి మధ్య బేరింగు ఉన్న జాయింటు ఉంటుంది. బేరింగు రబ్బరు సీలు అరిగితే అక్కడ నుంచి గాలి వస్తుంది. ఇదీ బాగుంటే చక్కు అంచు స్పాంజి చూడండి. రోజూ గిన్నెలు ఆనించే చోట గాడి పడి ఉంటుంది.

అన్నీ బాగుండి, గాజు పలకకి 640 వచ్చి, గిన్నెకి 400 దాటకపోతే తప్పు గిన్నెది. చెక్కలో పుచ్చు, పగులు, ముడి ఉండొచ్చు. కొన్ని రకాల కర్రల్లో రంధ్రాలే ఎక్కువ. బయటి వైపు మాస్కింగ్ టేపు గానీ, వంటింట్లో వాడే పల్చటి ప్లాస్టిక్ పొర గానీ చుడితే పట్టు వస్తుంది. లక్క పాలిష్ ఒక పూత ముందే వేసి ఆరనిచ్చినా రంధ్రాలు మూసుకుంటాయి.

స్పేర్ల డబ్బాలో ఏముండాలి?

అన్నీ కొని పెట్టుకుంటే డబ్బు అలమరలో ఇరుక్కుపోతుంది. ఏమీ కొనకపోతే మా ఐదు వారాల గతి! ప్రతి భాగానికీ మూడు ప్రశ్నలు వేసుకోండి. ఇది ఎన్నాళ్ళకి అరుగుతుంది? ఊళ్ళో దొరుకుతుందా, ఎన్ని రోజుల్లో వస్తుంది? ఇది లేకపోతే పని పూర్తిగా ఆగుతుందా? ఆ జవాబులని బట్టి మేము మూడు అరలు చేసుకున్నాం.

మొదటి అరలో తరచూ అరిగేవి, ఎప్పుడూ రెండేసి ఉండాల్సినవి. ఫిల్టరు గుడ్డలు, చక్కు అంచుకి అంటించే స్పాంజి పట్టీ, పైపు క్లిప్పులు, టెఫ్లాన్ టేపు, ఫిల్టరు మూత రబ్బరు రింగులు. స్పాంజి కొనేటప్పుడు మూసిన గదుల రకం అడగండి. గిన్నెలు తోమే స్పాంజిలోంచి గాలి జారిపోతుంది. నోటితో ఊదితే అవతలికి గాలి రాకూడదు, అదే గుర్తు.

రెండో అరలో అరుదుగా పాడై, పాడైతే పని ఆపేవి. వీటిని ఒక్కొక్కటి ఉంచుతాం. నాలుగు కార్బన్ రెక్కల సెట్టు, పక్క మూత గాస్కెట్టు, వెనక జాయింటు బేరింగులు, మోటారు కెపాసిటరు, గేజి, రెండు మీటర్ల పైపు. బేరింగుకి కంపెనీ పేరు అక్కర్లేదు. దాని మీద చెక్కిన అంకె చాలు. 6001 అని ఉంటే లోపలి రంధ్రం 12 మిల్లీమీటర్లు, బయటి వెడల్పు 28, మందం 8. ఏ కంపెనీదైనా అంతే. రెండువైపులా రబ్బరు సీలు ఉన్నదే అడగండి. కెపాసిటరు మీద రాసిన మైక్రోఫారడ్, వోల్టు అంకెలు రెండూ కలవాలి. కరెంటు తీశాక కూడా అందులో షాకు దాగి ఉంటుంది, మార్చే పని ఎలక్ట్రీషియన్‌కి వదలండి. పైపు మాత్రం లోపల తీగచుట్ట ఉన్నదే కొనాలి. మామూలు నీళ్ళ పైపు గాలి లాగగానే చప్పిడై అతుక్కుపోతుంది.

మూడో అరలో వస్తువులుండవు, కాయితాలుంటాయి. మోటారు, రోటరులాంటి ఖరీదైనవి కొనిపెట్టుకోలేం. వాటి పార్టు నంబర్లు, పంపు పేరు పలక ఫోటో, దొరికే రెండు మూడు షాపుల ఫోన్ నంబర్లు, చివరిసారి ఎన్ని రోజుల్లో వచ్చిందో, అన్నీ ఒక పుస్తకంలో. అమ్మిన ఒక్క షాపు మీదే ఆధారపడకండి. రెండో లేతుకి పంపు కొనేటప్పుడు మేము అదే మోడలు పాతది వెతికి కొన్నాం. రెండు పంపులకీ ఒకే స్పేర్లు సరిపోతున్నాయి. రెండూ ఒకేసారి పాడైతే ఒకదాని భాగాలతో రెండోది నడుస్తుంది.

మొత్తం డబ్బా ఖరీదు పంపు ధరలో ఐదో వంతు దాటలేదు. ఆ ఐదు వారాల్లో మేము పోగొట్టుకున్నది పంపు ధర కంటే ఎక్కువ!

దాచటమూ ఒక విద్యే

ఆవకాయ జాడీలో తడి గరిటె పెడతామా? స్పేర్లకీ అంత మడి కావాలి. రబ్బరు రింగులు, స్పాంజి ఎండ తగలని చోట, కవర్లో మూసి, పరిచి ఉంచాలి. మేకుకి తగిలిస్తే సాగిపోతాయి. నడిచే మోటారు పక్కన రబ్బరు పెట్టకండి, త్వరగా పగుళ్ళిస్తుంది. కార్బన్ రెక్కలు అప్పడాల్లా పెళుసు. అవి వచ్చిన పెట్టెలోనే పడుకోబెట్టి ఉంచాలి, జిడ్డు చేతులతో ముట్టుకోకూడదు. బేరింగు కాయితం వాడే రోజు దాకా విప్పకండి. నూనె డబ్బా మూత గట్టిగా బిగించాలి, లేకపోతే గాలిలో చెమ్మ తాగేస్తుంది.

ప్రతి కవరు మీదా కొన్న తేదీ రాస్తాం. పాతది ముందు, కొత్తది వెనక. పప్పు డబ్బాలో కొత్త పప్పు అడుగున పోసి పాతది పైన వేసుకున్నట్టే. మొదటి అరలో రెండోది తీసినవాళ్ళు ఆ కవరు ముక్కని గోడ మీద మేకుకి గుచ్చాలి. ఆదివారం బజారుకి వెళ్ళేవాళ్ళు మేకు మీదున్నవన్నీ తీసుకెళ్ళి తెస్తారు. చదువు రానివాళ్ళు కూడా ముక్క చూపించి అడగొచ్చు. ఇంతకంటే పెద్ద లెక్క మాకు ఇంతవరకు అవసరం పడలేదు.

ప్రాణం ముందు, గిన్నె తరవాత

పని మధ్యలో కరెంటు పోతే ఏమవుతుంది? పంపు ఆగుతుంది, లేతు మాత్రం ఊపు మీద కాసేపు తిరుగుతూనే ఉంటుంది. ఆ క్షణాల్లో పట్టు జారితే గిన్నె ఎగురుతుంది. అందుకని పంపుకి, లేతుకి మధ్య గాలి వెనక్కి రానివ్వని వాల్వు, కంప్రెసర్లకి వాడే చిన్న ఇనుప ట్యాంకు పెట్టాం. పంపు ఆగినా గిన్నెని కాసేపు పట్టి ఉంచుతుంది. లేతు ఆగటానికి ఆ వ్యవధి చాలు. ప్లాస్టిక్ డ్రమ్ము పెడితే గాలి లాగగానే నలిగిపోతుంది. ఆ వాల్వు కూడా ఒకటి మా రెండో అరలో ఉంది.

మా షెడ్డులో మూడు కట్టుబాట్లున్నాయి. గేజి 450కి తగ్గితే ఉలి ముట్టకూడదు. పల్చటి గిన్నెకైతే గాలి వదిలే చిన్న వాల్వు తిప్పి పట్టు 300కి తగ్గించి, తేలిక చేత్తో ఉప్పు కాగితం పని మాత్రమే చెయ్యాలి. నాలుగు బస్తాల బరువు పల్చటి గోడ మీద పడితే గిన్నె లోపలికి పగులుతుంది కదా! వీలైనంత సేపు వెనక నుంచి లేతు పొడుపు కూడా ఆనించి ఉంచాలి. మొహానికి అడ్డం అద్దం లేకుండా, కొంగు బిగించకుండా మిషను దగ్గరికి రావటమే లేదు.

ఇప్పుడు మా పంపు మూత విప్పేది ఎవరనుకుంటున్నారు? బెల్లం వంటకి వెళ్ళొచ్చినావిడే. నాలుగు రెక్కలు మార్చి, మూత బిగించి, గేజి మీద 640 రాగానే పుస్తకంలో తనే రాస్తుంది. పక్క ఊరి వడ్రంగి షెడ్డు వాళ్ళు తమ పంపుని కూడా ఆవిడ చేతే బాగుచేయించుకుంటున్నారు. దానికి విడిగా కూలి వస్తుంది. పిల్ల డిగ్రీలో చేరింది.

మీది గిన్నెల షెడ్డు కాకపోవచ్చు. కుట్టు మిషను, పిండి గిర్ని, విస్తరాకుల ప్రెస్సు, జెరాక్సు మిషను, ఏదైనా కానివ్వండి. ఈ ఆదివారం గంటసేపు దాని ముందు కూర్చోండి. పేరు పలక మీద ఏముందో రాసుకోండి. ఏ మూడు భాగాలు పాడైతే మీ చేతికి కూలి ఆగిపోతుందో మెకానిక్కుని అడగండి. నెలకొకటి చొప్పున కొని, తేదీ రాసి ఒక డబ్బాలో వేయండి. మూడు నెలల్లో డబ్బా నిండుతుంది. ఆ తరవాత మిషను మొరాయించిన రోజున మీరు ఫోన్ దగ్గరికి పరుగెత్తరు, నింపాదిగా డబ్బా దగ్గరికి నడుస్తారు.